అరగదీసిన గద్ద

ముందు అరుపు వినిపించింది. కొండ ఎక్కడ మొదలైందో, చిత్తడినేల ఎక్కడ ముగిసిందో, దేవదారులు ఏవో, వాటి నీడలు ఏవో తేలనివ్వని తెల్లని పొగమంచులో, ఎడమచేతివైపు ఎక్కడో పైన, ఒక కుక్క గొంతు లేచింది, ఆగింది, మళ్ళీ లేచింది. ఫిన్నా, వేటబృందానికి పెద్ద అయిన తారాల్ పెంచిన కుక్క. హాల్వార్ ఊపిరి బిగబట్టి విన్నాడు. పరుగులో ఉన్న అరుపు వేరు, నిలిచిన అరుపు వేరు. పరుగులో గొంతు ముక్కలు ముక్కలై గాలిలో చెదిరిపోతుంది. దుప్పిని నిలవేసి దాని ముందు తానూ నిలబడినప్పుడు మాత్రం ఒకే చోటినుంచి, ఒకే తాళంలో, ఎవరో మూసిన తలుపు తడుతున్నట్టు పడుతూనే ఉంటుంది. ఇది నిలిచిన అరుపు. అంటే ఆ మంచు వెనకాల గుర్రంకన్నా ఎత్తైన ఎల్గు దుప్పి ఒకటి చెవులు వెనక్కి వాల్చి, తన మోకాలెత్తు కూడా లేని కుక్కను చూస్తూ, పారిపోవాలా పొడవాలా అన్నది తేల్చుకోలేక నిలబడి ఉందన్నమాట. హాల్వార్‌కి దాని మీద జాలి కలిగింది. తేల్చుకోలేక నిలబడడమంటే ఏమిటో అతనికి నిన్న సాయంత్రంనుంచీ తెలుసు. ఈ తెల్లవారి, తన కుడిపక్క చెట్టుమొద్దు మీద కూర్చున్న మనిషి గొంతు సవరించుకున్న ప్రతిసారీ మరికాస్త తెలుస్తోంది. ఆ మనిషి పేరు ఎకార్ట్. జర్మనీనుంచి వచ్చాడు. రేపు పొద్దున్న రైలుకి వెళ్ళిపోతాడు. అతను హాల్వార్‌కి తమ్ముడు. తండ్రి ఒకడే, తల్లులు వేరు. ఈ మాట లోయలో హాల్వార్‌కీ, హాల్వార్ తల్లికీ తప్ప ఎవరికీ తెలియదు. ఈ పూట వేట ముగిసి, అందరూ ఒకచోట చేరి, మంట మీద కాఫీ మరిగేలోపల చెప్పకపోతే, ఇక ఎప్పటికీ చెప్పలేడని కూడా అతనికి తెలుసు.

తుపాకి మోకాళ్ళ మీద అడ్డంగా ఉంది. చూపుడువేలు బుద్ధిగా మీటకు దూరంగా ఉంది. బొటనవేలు మాత్రం అడగకుండానే తూటాగది పైనున్న ఉక్కుకట్టు మీదికి పాకి, అక్కడ నునుపులో దాగిన గుంటను తడుముతోంది, ఊడిన పంటి చోటును నాలుక తడిమినట్టు. అక్కడ ఒకప్పుడు గద్ద ఉండేది. రెక్కలు చాచి, గోళ్ళ కింద నాజీల గుర్తును పట్టుకున్న గద్ద. యుద్ధం ముగిసి జర్మను సైన్యం పోతూ పోతూ ఈ దేశంలో లెక్కలేనన్ని తుపాకులు వదిలేసి పోయింది. కొన్నాళ్ళు నార్వే సైన్యమే వాటిని వాడుకుంది, గొట్టాలు మార్చింది, తన ముద్రలు తాను వేసుకుంది, పాతబడ్డాక చౌకగా వేటగాళ్ళకు అమ్మేసింది. కొన్ని మాత్రం ఎవరి కంటా పడకుండా కొట్టాల అటకల మీద, ఎండుగడ్డి కింద, తాతల పెట్టెల్లో నిద్రపోయాయి. వాటిని తెచ్చి, విప్పి, కడిగి, కోసి, వంచి, దుప్పివేటకు పనికొచ్చేలా మలచడం లోయలో చాలామందికి చలికాలపు సరదా. హాల్వార్‌కి సరదా అనే మాట చాలదు. మిగిలినవాళ్ళు గొట్టాన్ని పొట్టి చేసి, కట్టెను సన్నగా చెక్కి, దుర్బీను బిగించి ఊరుకుంటారు. హాల్వార్ గద్దల కోసం వెతుకుతాడు. భూతద్దం పెట్టుకుని వెతుకుతాడు. ఒక్క తుపాకి మీద ఎన్ని గద్దలుంటాయో వెతకనివాడికి తెలియదు. ఉక్కుకట్టు మీద ఒకటి, తూటాను గదిలోకి తోసే బోల్టు పిడి మీద ఒకటి, చిన్న మర తల మీద పేను గుడ్డంత గద్ద ఒకటి, కట్టె లోపల ఎవరూ చూడని పొడి చెక్క మీద మసిబారిన గద్ద ఒకటి. అన్నిటినీ ఆకురాయితో, ఉప్పుకాగితంతో, నూనెరాయితో, ఓర్పుతో అరగదీస్తాడు. చెక్క మీది సొట్టలకు తడిగుడ్డ కప్పి ఇస్త్రీపెట్టె ఆనిస్తే, ఆవిరికి చెక్క ఉబ్బి, దెబ్బ తన లోతునుంచి తానే పైకి లేచి మాయమవుతుంది. ఆ ఘడియ అతనికి ఇష్టం. నిటారుగా పొడుచుకొచ్చిన బోల్టు పిడిని ఎర్రగా కాల్చి, మిగతా ఒంటికి వేడి ఎక్కకుండా తడిగుడ్డ చుట్టి, ఒక్క వంపు వంచి కిందికి దించే ఘడియ కూడా ఇష్టం. సైన్యంలో నిలబడ్డ పిడి చెయ్యెత్తి వందనం చేస్తున్నట్టుంటుంది; వంచాక పని అయిపోయిన మనిషి చెయ్యి జేబులో పెట్టుకున్నట్టుంటుంది.

అరుపు ఆగింది. హాల్వార్ మెడ తిప్పాడు. మంచు కదిలింది, కదలనట్టే ఉంది, ఒక భూర్జ చెట్టు తెల్లని కాండం బయటపడి మళ్ళీ మునిగింది. వాకీటాకీ గరగరమని, తారాల్ గొంతు హాల్వార్ మాటు నంబరుతో గుసగుసగా పిలిచింది. “ఆరో చోటు, మెలకువగా ఉన్నావా?” “ఉన్నాను.” “నీ జర్మను?” హాల్వార్ వాకీటాకీ నోటికి దగ్గరగా తెచ్చుకున్నాడు. “ఏ జర్మను?” అన్నాడు. “రెండూ,” అని తారాల్ నవ్వాడు, “ఒళ్ళో ఉన్నదీ, పక్కనున్నదీ.” ఇంకెవరో కూడా వాకీటాకీలోనే కిసుక్కున నవ్వారు. హాల్వార్ కూడా నవ్వాడు; అతను ఎప్పుడూ మిగిలినవాళ్ళకన్నా రవ్వంత ముందే నవ్వుతాడు, చిన్నప్పటినుంచీ ఉన్న అలవాటు. ఏటా కొత్త తుపాకి తెచ్చినప్పుడల్లా ఇదే పాట. ఏరా, ఇంకో జర్మనుకి బాప్తిస్మం ఇచ్చావా. వీడి సెల్లారు మెట్లు దిగినవాడు జర్మను, ఎక్కినవాడు నార్వేవాడు. పాస్పోర్టు కూడా చేసిస్తావా, ఫొటో ఒక్కటే చాలా. హాస్యమాడేవాళ్ళలో ఎవరికీ ఆ మాట ఎక్కడ తగులుతుందో తెలియదని అతను అనుకుంటాడు. తెలిసే అంటున్నారేమో అని మరుక్షణం అనుకుంటాడు. ఈ రెండు అనుకోవడాల మధ్య నలభై దాటిన వయసు గడిచిపోయింది.

నిన్న సాయంత్రం, హాల్వార్ తుపాకులు మలచే సెల్లారులో, ఎకార్ట్ ఈ తుపాకినే చేతిలోకి తీసుకున్నాడు. అతను బస్సు నడిపే మనిషి. తుపాకుల సంగతి తనకు పెద్దగా తెలియదన్నాడు. అయినా అతని బొటనవేలు కూడా, ఎవరూ చూపించకుండా, సరాసరి ఆ గుంట మీదికే వెళ్ళింది. “ఇక్కడ ఏముండేది?” హాల్వార్‌కి వచ్చిన జర్మను బడిలో నేర్చిన కాస్త, రేడియోలో విన్న కాస్త. “ఏమీ లేదు,” అన్నాడు. “చాలా లోతుగా తీసేశారు,” అన్నాడు ఎకార్ట్, నింద లేకుండా, గోడ మీద తేమ చూసి తేమ అన్నట్టు. ఆ తరవాత, తుపాకిని బల్లకు బిగించిన వైసు పక్కన పడుకోబెడుతూ, “రేపటి వేటవాళ్ళకి నన్ను ఎవరని చెప్పారు?” అని అడిగాడు. తుపాకుల పిచ్చి ఉన్న స్నేహితుడని చెప్పానని హాల్వార్ ఒప్పుకున్నాడు. ఎకార్ట్ తల ఊపాడు. “స్నేహితుడు. పరవాలేదు. మా నాన్న మీ గురించి ఆ మాటైనా అనలేదు, మంచం పట్టేదాకా.” మా నాన్న. అతను ఆ మాటను ఎంత తేలిగ్గా అంటాడు. ఉప్పు అందుకోండి అన్నంత తేలిగ్గా. హాల్వార్ ఆ మాటను ఏ భాషలోనూ ఎవరి గురించీ అనలేదు.

లోతుగా తీసేశారు. అవును. ఆ ఒక్క గద్ద ముద్రను లోతుగా కొట్టాడు, ఏ కార్మికుడో, ఏ కోపంలోనో. ఈ పాత ఉక్కుకట్టులకు పైన పలచని గట్టి చర్మం ఉంటుంది; లోపల మెత్తన. ఆకురాయి ఆ చర్మం మీద జారుతుంది, అద్దం మీద గోరు జారినట్టు కీచుమంటూ జారుతుంది. ఎంత రుద్దినా దుమ్ము రాలదు. ఎప్పుడైతే జారడం మాని కొరకడం మొదలుపెడుతుందో, చేతికి హాయిగా ఉంటుంది, పని సాగుతున్నట్టుంటుంది, అప్పుడే చెయ్యి ఆపేయాలి. ఆ పని నేర్చిన ప్రతివాడూ మొదట నేర్చేది అదే. హాల్వార్ పోయిన చలికాలం ఆపలేదు. ఎడమ రెక్క కొన ఇంకా కనిపిస్తోంది, ఇంకొంచెం, ఒక్క రవ్వ, అనుకుంటూ, ఆకురాయి హాయిగా కొరుకుతూంటే విని కూడా విననట్టు రుద్దాడు. గద్ద పోయింది. చర్మం కూడా పోయింది; చర్మం పోయిన కట్టు తూటా పేలినప్పుడు పగిలిపోవచ్చు. ఆ తరవాత తుపాకిని కొట్టం వెనక ట్రాక్టరు టైరుకి కట్టి, మీటకు దారం కట్టి, గోడ చాటునుంచి లాగి చూశాడు, తూటా తరవాత తూటా. తట్టుకుంది. కొలిచి చూశాడు, ఎక్కడా సాగలేదు. వేటగాళ్ళ గురిపరీక్ష కూడా దానితోనే నెగ్గాడు. అయినా చెంప ఆనించిన ప్రతిసారీ, కంటికి అంత దగ్గరగా, ఆ పలచబడిన చోటు ఊపిరి తీస్తున్నట్టే ఉంటుంది. గోడకు ఇంకెన్నో తుపాకులున్నాయి, గట్టివి, నమ్మదగినవి. ఈ తెల్లవారుజామున చెయ్యి దీనినే ఎందుకు అందుకుందో అతనికి తెలియలేదు. తెలియదు కనుక ఎకార్ట్‌ని కుడివైపు, బాగా వెనకగా కూర్చోబెట్టాడు. అక్కడినుంచి బాగా కనిపిస్తుందన్నాడు. నిజానికి ఏదైనా జరిగితే సెగ ఎడమకే చిమ్ముతుంది.

బడిలో కూడా అతను చెంప తిప్పుకుని నడిచేవాడు, ఎడమవైపు కంచెనుంచి రాళ్ళు వస్తాయి గనుక. జర్మను కూనా. జర్మను కూనా, మీ నాన్న ఎక్కడ. రాళ్ళకన్నా ఆ అడగడమే తగిలేది, ఎందుకంటే అది అతనూ అడగాలనుకున్న మాటే. తల్లి బోర్గిల్ ఎవరినీ ఏమీ అనేది కాదు. యుద్ధం ముగిసిన వసంతంలో, జర్మను సిపాయితో ఉందన్న కోపంతో, ఆమె జుట్టు ఎవరు కత్తిరించారో, ఏ ఇంటి ముంగిట్లో కత్తిరించారో ఆమె చెప్పలేదు. ఆ తరవాత ఏ ఎండలోనూ ఆమె తలగుడ్డ తీసింది లేదు. చర్చిలో అతని దీక్షకు ముందు పాస్టరు తండ్రి పేరు అడుగుతాడని, ఆమె ఒక్కసారి ఆ పేరు చెప్పింది. బట్టలుతికే గదిలో, దుప్పటి పిండుతూ, గోడవైపు తిరిగి, పేరూ ఇంటిపేరూ కలిపి, నీళ్ళు కారుతూంటే. అంతే. పాస్టరు అడగలేదు. అతనికి చెప్పనక్కరలేకపోయింది. ఆ పేరు లోపలే ఉండిపోయింది, విత్తనంలా కాదు, విత్తనమైతే మొలిచేది; విరిగి ఒంట్లో ఉండిపోయిన సూదిలా, కొన్నాళ్ళు భుజంలో, కొన్నాళ్ళు కడుపులో, తిరుగుతూ ఉండిపోయింది. ఒకటి రెండుసార్లు సెల్లారులో లేతు యంత్రం హోరెత్తుతున్నప్పుడు పెదవులు కదిపి చూశాడు. పలికాడో లేదో అతని చెవికే తెలియదు. యంత్రం ఆపి పలకడానికి ఎన్నడూ చెయ్యి రాలేదు.

ఫిన్నా మళ్ళీ అందుకుంది. ఇప్పుడు కొంచెం కిందినుంచి. దుప్పి నాలుగడుగులు దిగి మళ్ళీ నిలిచిందన్నమాట. తారాల్ గాలికి ఎదురుగా, బూట్ల కింద పుల్ల విరగకుండా నక్కుతూ వస్తూ ఉంటాడు. ముసలి ఎంబ్రెట్ కింద వాగు దగ్గర, తన పాత బొంత పరుచుకుని, పొగాకు నములుతూ ఉంటాడు. ఎంబ్రెట్‌కి ఎనభై నిండాయంటారు; ఆయన కాదంటాడు. హాల్వార్ మొదటిసారి వేటకు వచ్చినప్పుడు, పొదలు కొట్టి జంతువుల్ని లేపే పిల్లలతోపాటు కర్ర పట్టుకుని నిలబడ్డప్పుడు, పక్క లోయనుంచి వచ్చిన ఒకాయన వరసగా అందరినీ అడుగుతూ వచ్చాడు, నువ్వెవరి అబ్బాయివి, నువ్వెవరి అబ్బాయివి. తన వంతు వచ్చేసరికి హాల్వార్ తల వంచి కర్ర కొనతో నేల గీకుతున్నాడు. ఎంబ్రెట్ ఆ పెద్దమనిషి వైపు చూడకుండానే, “వాడు బోర్గిల్ కొడుకు. చాలు,” అన్నాడు. చాలు అన్న ఆ మాటతో లోయంతా తలుపు వేసినట్టయింది. మళ్ళీ ఎవరూ అడగలేదు, రాళ్ళూ ఆగిపోయాయి. ఆ దయకు హాల్వార్ బతుకంతా రుణపడి ఉన్నాడు. ఆ దయవల్లనే అతను బతుకంతా ఎవరికీ జవాబు చెప్పకుండా గడిపాడు కూడా. ఈ తెల్లవారి వాకిట్లో అందరూ చేతులు కలిపినప్పుడు ఎంబ్రెట్ ఎకార్ట్ చెయ్యి పట్టుకుని, అవసరమైనదానికన్నా కాసేపు ఎక్కువ ఉంచుకున్నాడు. ఏమీ అడగలేదు. ముసలివాళ్ళ చేతులు నెమ్మదిగా వదులుతాయి, అంతే అయి ఉంటుంది.

మొదట ఫోను వచ్చింది వసంతంలో, మంచు కరిగి రోడ్లన్నీ బురదైన రోజుల్లో. మంచు తోసే బండితో ఆ బురదే తోసి, ఇంటికొచ్చి బూట్లు విప్పుతూంటే. జర్మను గొంతు. మర్యాదగా, నెమ్మదిగా, ముందే రాసుకుని చదువుతున్నట్టు. నేను ఫలానావారి కొడుకుని, అంది ఆ గొంతు, ఆ పేరు పలికింది, తీగ వెంట అంత దూరం పరుగెత్తుకొచ్చి ఆ పేరు హాల్వార్ చెవిలో పడింది, తన తల్లి తప్ప ఎవరూ పలకగా వినని పేరు. తప్పు నంబరు, అని పెట్టేశాడు. కొన్నాళ్ళకు మళ్ళీ మోగింది. ఈసారి పెట్టెయ్యలేదు. మాట్లాడలేదు కూడా. అవతలి మనిషి, నాన్న చలికాలంలో పోయారు, పోయేముందు మీ సంగతి చెప్పారు, మీరు మాట్లాడకపోయినా పరవాలేదు, విని పెట్టెయ్యండి, అన్నాడు. ఆ చివరి మాటకు హాల్వార్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

నిన్న స్టేషనులో అతనిని గుర్తుపట్టడానికి వెతకవలసిన పని పడలేదు. ఆ చెవులు. తన చెవులే వేరే టోపీ కింద. ఇంటికి తెచ్చాడు. తల్లి వంటింట్లో ఉంది. ఆమె బయటకు రాదేమో, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటుందేమో అని దారి పొడవునా భయపడ్డాడు. ఆమె తడిచేతులు గుడ్డకు తుడుచుకుని వచ్చింది. గుమ్మంలో నిలబడ్డ మనిషిని పైనుంచి కిందిదాకా చూసింది. తరవాత జర్మనులో, తప్పు లేకుండా, తడుముకోకుండా, “ప్రయాణం బాగా జరిగిందా? లోపలికి రండి, చలి,” అంది. ఆమె నోట ఆ భాష హాల్వార్ అంతవరకూ వినలేదు. ఆ భాష ఆమెలో ఇన్నేళ్ళూ చక్కగా మడతపెట్టి, చెదలు పట్టకుండా, కర్పూరం వేసి దాచినట్టు ఉంది. బల్ల మీద తీపి జున్ను ముక్కలు కోసింది, రొట్టెకు వెన్న రాసింది, ఎకార్ట్ కప్పు ఖాళీ కాగానే అడగకుండా నింపింది. ఆయన ఎలా ఉండేవాడనిగానీ, ఎలా పోయాడనిగానీ అడగలేదు. పడుకోబోయే ముందు మాత్రం, మెట్ల దగ్గర, హాల్వార్‌తో లోయ యాసలో, “రేపు వేటకు తీసుకెళ్తున్నావా?” అంది. తీసుకెళ్తున్నానన్నాడు. “నీ మనుషులకి ఏం చెప్పావు?” చెప్పినది చెప్పాడు. ఆమె రైలింగు పట్టుకుంది. “నేను చెప్పలేకపోయాను,” అంది, “నాకు కారణం ఉంది. నీకేం కారణం?” అని, జవాబుకు ఆగకుండా మెట్లెక్కిపోయింది.

నీకేం కారణం. తెల్లవారేదాకా అదే. నీకేం కారణం. భయమా, ఇప్పుడు ఎవరు రాళ్ళు వేస్తారు, వేసినవాళ్ళే ముసలివాళ్ళయి తమ తుపాకుల పిడులు వంచమని తన దగ్గరికే తెచ్చుకుంటున్నారు. సిగ్గా, ఎవరి తరఫున, ఎవరి ముందు. అలవాటా. అలవాటే కావచ్చు. గద్దల్ని అరగదీసి అరగదీసి, పేరు మీద కూడా ఆకురాయి ఆడించి ఆడించి, ఇప్పుడది జారడం మాని కొరకడం మొదలుపెట్టిందేమో, తనే విననట్టు రుద్దుకుంటూ పోతున్నాడేమో. “మీకు చలిగా ఉందా?” అని ఎకార్ట్ గుసగుసగా అడిగాడు. తన మోకాళ్ళు వణుకుతున్నాయని అప్పుడు తెలిసింది. లేదన్నాడు. ఎకార్ట్ ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి, వంగి అందించాడు. “నాన్న కూడా ఇలాగే, కూర్చుంటే మోకాలు ఆడించేవారు. సినిమాకి వెళ్తే ముందు వరసవాళ్ళు తిట్టేవారు.” హాల్వార్ మోకాలు ఆపాలనుకున్నాడు. ఆపబుద్ధి కాలేదు. అతనికి మొదటిసారి ఆ పేరుగల మనిషి గురించి ఒక సంగతి తెలిసింది, పేరు కానిది, ఒంటికి సంబంధించినది. ఇన్నాళ్ళూ అది తన దగ్గరే, తన మోకాలిలోనే ఉంది, ఏ ఆకురాయీ చేరని చోట.

అప్పుడు అరుపు విరిగింది. విరిగి, ముక్కలై, పరుగందుకుంది. వాకీటాకీలో తారాల్, ఈసారి గుసగుస లేదు, “లేచింది, కిందికి వస్తోంది, ఆరు, ఆరు, నీ మీదికే.” కాఫీ నాచు మీద ఒలికింది. కొమ్మలు విరుగుతున్న చప్పుడు, బురదలోంచి కాళ్ళు ఊడదీసుకునే చప్పుడు, దేనికీ రూపం లేదు, అన్నీ చప్పుళ్ళే. ఆ తరవాత మంచులో ఒకచోట మంచు ముదిరినట్టయి, నల్లబడి, భుజమయింది, మెడయింది, కొమ్ములు మోసుకొస్తున్న పొడుగాటి విచారపు ముఖమయింది. చిత్తడి అంచున అది ఆగింది. పక్కకు తిరిగి కుక్క కోసం వెనక్కి చూసింది. హాల్వార్ చెంప భూర్జ కట్టెకు ఆనింది. తను చెక్కిన కట్టె, తన చెంపకు కొలిచి చెక్కిన కట్టె. దుర్బీనులో భుజం వెనక చోటు నిండుగా ఉంది. కంటికి అంగుళాల దూరంలో పలచబడిన ఉక్కు. వెనక, మొద్దు మీద, ఊపిరి ఆపుకున్న మనిషి. దించెయ్, అంది ఒక మనసు, పోనీ, ఇంకో దుప్పి ఇంకో చోట ఎవరికో దొరుకుతుంది, నువ్వు దాచినట్టే అన్నీ దాగి ఉంటాయి. తట్టుకుంది గదా, అంది ఇంకో మనసు, కట్టేసి, గోడ చాటున దాక్కుని ఎన్నిసార్లు చూశావు, ఎన్నిసార్లైనా తట్టుకుంది, గోడ చాటునుంచి ఎన్నాళ్ళు లాగుతావు దారం. ఊపిరి సగం వదిలాడు. మీట నొక్కాడు.

చప్పుడు కొండను తాకి తిరిగొచ్చింది. భుజానికి దెబ్బ, ముక్కుకు మందు వాసన, అంతకుమించి ఏమీ లేదు. కుడిచెయ్యి తనంత తాను బోల్టు తెరిచి మూసింది. ఖాళీ తూటా తొడుగు ఎగిరి నాచులో పడి ఆవిరి చిమ్మింది. దుప్పి నాలుగడుగులు నడిచింది, ఏదో గుర్తొచ్చినట్టు నిలిచింది, ముందుకాళ్ళు మడిచి ఒరిగింది. ఫిన్నా వచ్చి దాని మీద ఒక్కసారి మొరిగి, ఇక అక్కరలేదని తెలిసి, పక్కన కూలబడి నాలుక వేలాడేసింది. హాల్వార్ వాకీటాకీ ఎత్తి, “ఆరో చోటు. మగది. పడింది,” అన్నాడు. గొంతు తనదిలాగే ఉంది. వేళ్ళు ఉక్కుకట్టు చుట్టూ తడిమాయి; వెచ్చగా, నిండుగా, ఎక్కడా చీలిక లేదు.

వాళ్ళిద్దరూ దాని దగ్గరికి నడిచారు. హాల్వార్ కన్ను తాకి చూశాడు, రెప్ప పడలేదు. కత్తి తియ్యబోతూంటే ఎకార్ట్ “ఒక్క నిమిషం,” అన్నాడు. అని దేవదారు కొమ్మనుంచి పచ్చని రెమ్మ ఒకటి చేత్తోనే విరిచాడు, కత్తి వాడలేదు. వంగి, దుప్పి పళ్ళ మధ్య దానిని అడ్డంగా ఉంచాడు. టోపీ తీశాడు. కాసేపు అలా నిలబడి, ఇంకో రెమ్మ విరిచి, దుప్పి గాయానికి తాకించి, టోపీ మీద పెట్టి, ఆ టోపీని పళ్ళెంలా హాల్వార్ ముందు పట్టాడు. “ఆఖరి మేత అంటారు,” అన్నాడు, సిగ్గుపడుతూ. “మా వైపు వేటగాళ్ళు అలా చేస్తారు. నేను వేటగాణ్ణి కాను. నాన్న చేస్తూంటే చూశాను. ఇది కొట్టినవాడికి. తీసుకో.” తీసుకో అన్నాడు, ఇంతవరకూ మీరు మీరు అన్నవాడు. హాల్వార్ ఆ రెమ్మ తీసుకుని తన ఎర్రపట్టీ టోపీలో గుచ్చుకున్నాడు. రెమ్మ కొన మీద రక్తం, బంక, తడి. చేతికి అంటుకుంది.

తారాల్ ముందు వచ్చాడు, చెమటతో, ముఖం నిండా గీతలతో. “ఒక్కటే దెబ్బా? నీ బాప్తిస్మపువాడు పనికొచ్చాడే,” అని, దుప్పి ముఖం చూసి ఆగాడు. “ఇదేమిటి, దీని నోట్లో గడ్డి ఎవరు పెట్టారు? ఇప్పుడా మేపేది? పోయినవారం నా బంగాళదుంపల తోటంతా మేసింది చాలదా?” హాల్వార్ తను ఈసారి ముందుగా నవ్వలేదని గమనించాడు. వెనకాల ఎంబ్రెట్ కర్ర ఊతంగా, బురద తప్పించుకుంటూ, ఒగరుస్తూ వచ్చాడు. దుప్పినీ, నోట్లో రెమ్మనూ చూశాడు. హాల్వార్ టోపీలో రెమ్మను చూశాడు. ఎకార్ట్ చేతిలో ఉన్న టోపీని, బట్టతల అవుతున్న అతని నెత్తిని చూశాడు. కర్ర భూమిలో గుచ్చి, తన టోపీ తనే తీశాడు. “నువ్వు ఊరుకోరా తారాల్,” అన్నాడు.

ముసలాయన అక్కడ పడి ఉన్న మొద్దు మీద కూర్చుని కత్తి తీశాడు, నూరురాయి తీశాడు, రాయి మీద ఉమ్మేశాడు. “ఇది నేను ఒకసారి చూశాను,” అన్నాడు, కత్తివైపు చూస్తూ. “ఇక్కడే, ఆ పై గడ్డిమైదానం దగ్గర. యుద్ధంలో. సిపాయి ఒకడు. కుర్రవాడే, నాకన్నా చిన్న. దుప్పిని కొట్టాడు, శుభ్రంగా, ఒక్కటే. కొట్టి, పరుగెత్తుకెళ్ళి నోట్లో రెమ్మ పెట్టి, టోపీ తీసి నిలబడ్డాడు. నేను పొద చాటున. వీడికి పిచ్చేమో అనుకున్నాను. తరవాత నన్ను చూసి మోయమన్నాడు, మోశాను. సగం మాంసం వాళ్ళ దండుకి పోయింది. రెండో సగం ఎక్కడికి మోయించాడనుకున్నావ్? మీ అమ్మమ్మ వాళ్ళ కొట్టం గుమ్మంలోకి. ఆ చలికాలం ఆ ఇంట్లో ఉడకేసుకోవడానికి మరేమీ లేదు.” రాయి మీద కత్తి రెండుసార్లు పోయింది. “మర్యాదస్తుడు. నాకూ ఒక తొడ ఇచ్చాడు. తిన్నాను. తరవాత ఆయన గురించి ఎవరేమన్నా నోరు మూసుకున్నాను. అదొక్కటే నేను మర్యాదగా చెయ్యలేదు.” మంచులోంచి పై వాలు, దాని మీద పచ్చిక, ఒక కంచె మెల్లగా బయటపడుతున్నాయి. “పేరుండేది ఆయనకి,” అన్నాడు ఎంబ్రెట్. “చెప్పాడు కూడా. నోటి చివరిదాకా వచ్చి ఆగిపోతోంది. ముసలితనం. నీకేమైనా తెలుసా అబ్బాయ్?”

కత్తి రాయి మీద ఆగి ఉంది. ముసలాయన చెయ్యి కదలడం లేదు, తల ఎత్తడం లేదు. మరచిపోయిన మనిషిలా లేడు, వేచి ఉన్న మనిషిలా ఉన్నాడు. ఎకార్ట్‌కి ఈ యాస ఒక్క ముక్క అర్థం కాలేదు. తారాల్ ముఖం తన అన్న వైపు తిరిగి ఉండడం చూసి, తానూ తిరిగాడు. ఏ యంత్రమూ హోరెత్తడం లేదు. కుక్క కూడా మొరగడం లేదు. హాల్వార్ చేత్తో నోరు తుడుచుకుని, పెదవులు తడి చేసుకున్నాడు. దేవదారు బంక రుచి తగిలింది.

“మా నాన్న పేరు,” అన్నాడు హాల్వార్, “వెండెలిన్ కెస్లర్.”